చీనీ కాయకు పూత: తరుగు తగ్గితే ఆ లాభం ఎవరిది?

వేంపల్లె: చీనీ సరుకు రెండుసార్లు కాటా ఎక్కుతుంది. మొదటిసారి తోట గట్టునో, యార్డులోనో. రెండోసారి ఢిల్లీ, నాగపూరు, కోల్‌కతా మండీలలో. ఈ రెండు తూకాల నడుమ వచ్చే తేడా ఎవరు భరించాలన్నదే ఈ వ్యాపారంలో ఏటా తెగని తగాదా. రైతు కాయ పచ్చిగా, బరువుగా ఇచ్చానంటాడు. ఖరీదుదారు దారిలో ఆరిపోయిందంటాడు. మధ్యలో కమీషను వ్యాపారి ఇద్దరికీ సర్ది చెప్పి, మరుసటి లోడులో లెక్క సరిచేసుకుంటాడు.

ఈ తరుగును తగ్గించే ఉపాయం ఒకటి పళ్ల వర్తకంలో వంద సంవత్సరాలుగా వాడుకలో ఉన్నది. కాయపైన తినదగిన పలుచని పూత వేయడమే ఆ ఉపాయం. తేనెమైనం, లక్క, తాటిజాతి చెట్టు మైనం మొదలుకొని కలబంద గుజ్జు, తుమ్మబంక వరకు దీనికి పనికివచ్చే పదార్థాలు చాలా ఉన్నాయి. వేంపల్లె, వేముల, లింగాల, సింహాద్రిపురం ప్రాంతాల చీనీకీ, అరటికీ ఇది ఎంతవరకు గిట్టుబాటు అవుతుందన్నది వర్తకులు కూర్చుని లెక్క వేసుకోదగిన విషయం.

తరుగు ఎక్కడ పుడుతుంది?

కోసిన కాయ ప్రాణంతోనే ఉంటుంది. గాలి పీలుస్తుంది, వేడి పుట్టిస్తుంది, తేమ వదులుతుంది. చెట్టు మీద ఉన్నంతకాలం వేరు నుంచి నీరు అందుతుంది గనుక పోయిన తేమ మళ్లీ చేరుతుంది. తొడిమ తెగిన తరువాత పోయినదంతా పోయినట్లే. వేడి పది డిగ్రీలు హెచ్చితే ఈ శ్వాసక్రియ సుమారు రెండింతలవుతుంది. కడప జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ ఎండలో టార్పాలిన్ కింద లోడు కాయ ఎంత ఆరుతుందో చెప్పనక్కరలేదు.

సాధారణంగా బరువులో 5 శాతం తేమ పోయేసరికి పండు నిగనిగ తగ్గుతుంది. 10 శాతం దగ్గరకు వస్తే తొక్క ముడత పడి, చేతికి మెత్తగా తగులుతుంది. లోపల రసం బాగానే ఉన్నా మండీలో అది రెండోరకం సరుకే. కాబట్టి తరుగు నష్టం రెండు విధాలు: ఒకటి కాటా మీద కనబడేది, రెండోది ధరలో కనబడేది. తూకం తేడాను అందరూ చూస్తారు. ధర తేడాను లెక్క వేసేవారు తక్కువ.

ప్రకృతి సహజంగా ప్రతి కాయకూ ఒక మైనపు పొర ఇచ్చింది. చీనీ తోట నుంచి వచ్చిన కాయను గుడ్డతో తుడిస్తే వచ్చే మెరుపు అదే. ఆ పొర దెబ్బతిన్న కాయ తొందరగా ఆరుతుంది. మన వర్తకులు ‘మంగు’ అని పక్కన పెట్టే కాయ ఇందుకు మంచి ఉదాహరణ. మంగు నల్లి గీకిన తొక్కలో పైపొర చెడిపోతుంది. దానివల్ల మంగు కాయ మామూలు కాయ కంటే వేగంగా తేమ కోల్పోతుంది. చూపుకు బాగుండదని ధర తగ్గిస్తారు గాని, నిజానికి దూరపు మండీకి అది తట్టుకోలేకపోవడానికి ఇది కూడా కారణం.

పూత పాత విద్యే

నారింజ జాతి పళ్లకు మైనం పూసి దూరప్రాంతాలకు పంపే పద్ధతి 12, 13 శతాబ్దాలలోనే చైనాలో ఉండేదని చెబుతారు. అమెరికాలో 1922 ప్రాంతంలో నారింజలకు మైనపు పూత వాణిజ్యస్థాయిలో మొదలయింది. మన దేశంలో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ మైనాన్ని నీటిలో కలిసేలా ఎమల్షనుగా తయారుచేసి, మామిడి, నారింజ, అరటి వంటి పళ్లపై వాడి చూపించింది. ఇంగ్లండులో 1980 దశకం తొలి సంవత్సరాలలో చక్కెర, కొవ్వు ఆమ్లాల నుంచి చేసిన పూతను అరటిపై ప్రయోగించారు. అమెరికాలో 2012లో మొదలయిన ఏపీల్ అనే కంపెనీ వృక్షసంబంధమైన కొవ్వు పదార్థాలతో చేసిన పూతను 2018 నుంచి అవకాడో పళ్ల మీద అమ్మకానికి తెచ్చింది.

మన దేశంలోనే చూస్తే, పంజాబులో కిన్నో కమలాలను కడిగి, మైనం పట్టించి, సైజుల వారీగా వేరుచేసే యంత్రశాలలు హోషియార్‌పూరు, అబోహరు ప్రాంతాలలో ఏర్పడినాయి. ఉత్తరాది మండీలో మన చీనీ పక్కనే కూర్చునే సరుకు ఈ కిన్నో. ఒకటి మెరుస్తూ డబ్బాలో, మరొకటి గడ్డి అంటుకొని కుప్పగా ఉంటే ఖరీదుదారు చెయ్యి ఎటు పోతుందో అందరూ ఎరిగినదే.

ఏ పూత ఏమి చేస్తుంది?

పూతలన్నీ ఒకటి కావు. మైనపు జాతి పూతలు తేమను బాగా ఆపుతాయి. బ్రెజిల్ దేశపు తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం తేమను పట్టి ఉంచుతూనే గాలిని కొంత ఆడనిస్తుంది. తేనెమైనం కూడా తేమను నిలుపుతుంది గాని మెరుపు తక్కువ.

లక్క అందుకు భిన్నం. లక్క పురుగు చెట్టు కొమ్మలపై వదిలే జిగురు నుంచి వచ్చే ఈ సరుకులో మన దేశం ప్రపంచంలోనే ముందు వరుసలో ఉన్నది. జార్ఖండ్ ప్రధాన కేంద్రం. రాంచీ దగ్గర నామ్‌కుంలో 1924లోనే లక్క పరిశోధన సంస్థ ఏర్పడింది. లక్క పూతకు అద్దంలాంటి మెరుపు వస్తుంది. అయితే అది గాలిని గట్టిగా అడ్డుకుంటుంది. మందంగా పట్టితే లోపల కాయకు ప్రాణవాయువు అందక, పులిసి, సారా వాసన వంటిది పుడుతుంది. అమెరికాలోని ఫ్లోరిడా పరిశోధకులు నారింజలపై ఈ దోషాన్నే ఎత్తిచూపారు. పైకి అద్దం, లోపల పులుపు అయితే ఒక్క లోడుతో పేరు పోతుంది.

మూడో జాతి బంకలు, గంజి పదార్థాలు. తుమ్మబంక, కలబంద గుజ్జు, పిండి గంజి ఇందులోకి వస్తాయి. ఇవి గాలిని అదుపు చేస్తాయి గాని నీటితో కలిసేవి గనుక తేమను ఆపడంలో మైనానికి సాటిరావు. అందుకే వీటిలో కొంత నూనె లేదా మైనం కలిపి వాడుతారు. స్పెయిన్ పరిశోధకులు 2005లో ప్రకటించిన ప్రయోగంలో కలబంద పూసిన ద్రాక్ష ఒక డిగ్రీ చలువలో 35 రోజుల దాకా నిలిచింది. పూయని ద్రాక్ష వారానికి మించి నిలవలేదు. మలేషియాలో 10 శాతం తుమ్మబంక, 1 శాతం కైటోసాన్ కలిపిన పూతతో అరటిపై మచ్చతెగులును అదుపులో పెట్టగలిగారు. కైటోసాన్ అనేది రొయ్య, పీత పెంకుల నుంచి తీసే పదార్థం. బూజును కూడా అణచడం దీని ప్రత్యేకత. రొయ్యల పరిశ్రమ బలంగా ఉన్న మన రాష్ట్రంలో దీనికి ముడిసరుకు కొదవ లేదు.

ఈ ఫలితాలను చూసి మన లారీకి అవే రోజులు వస్తాయని అనుకోరాదు. అవన్నీ చలువగదిలో వచ్చిన రోజులు. టార్పాలిన్ కింద వచ్చేవి కావు.

చీనీ వేరు, అరటి వేరు

పూత కొనే ముందు వర్తకుడు గుర్తుంచుకోవలసిన ముఖ్య భేదం ఒకటి ఉన్నది. అరటి, మామిడి, బొప్పాయి కోసిన తరువాత మాగే పళ్లు. చీనీ కోసిన తరువాత మాగదు. కోసిననాటి తీపే చివరిదాకా తీపి. అందుచేత చీనీకి పూత వేసేది మాగడం ఆపడానికి కాదు, తేమ నిలపడానికి, చూపు నిలపడానికి. చీనీకి మైనపు జాతి పూత, అదీ పలుచగా, తగినది.

మామిడికీ, బొప్పాయికీ పూత పడితే లోపలికి గాలి తగ్గి మాగడం వెనకబడుతుంది. నాలుగైదు రోజులు కలిసివచ్చినా అది దూరపు మండీకి పెద్ద విషయమే. అరటి సంగతి ఇంకొంచెం సున్నితం. మన అరటి పచ్చిగా బయలుదేరి, చేరిన ఊళ్లో మాగుడు గదిలో ఇథిలీన్ వాయువుతో పండుతుంది. పచ్చి గెలకు మందంగా పూత పట్టిస్తే ఆ వాయువు సరిగా పనిచేయక, ఒక చీపు పసుపు, ఒక చీపు పచ్చ అవుతుంది. మాగుడు గది వ్యాపారి అలాంటి సరుకు రెండోసారి అడగడు. అరటికి మొదట కావలసినది చీపులు కోసి, పటిక నీటిలో కడిగి జిగురు పోగొట్టి, డబ్బాలలో సర్ది, 13, 14 డిగ్రీల చలువలో పంపడం. అంతకంటే చల్లగా పెడితే తొక్క నల్లబడుతుంది. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబయి రేవుకు శీతల కంటెయినర్ల రైలులో అరటి వెళ్లింది ఈ పద్ధతిమీదనే. పులివెందులలో అరటి కోసం కట్టిన ప్యాక్‌హౌస్ 2024 మార్చిలో ప్రారంభమయింది. ఈ వసతులను చీనీ వర్తకులు కూడా ఒకసారి చూసి రావడం మంచిది.

పూతకు ముందు చేయవలసిన పని

పూత సగం పనే. దానికి ముందు జరిగే పని సరిగా లేకపోతే పూత డబ్బు దండగ.

మొదటిది కోత. కాయను మెలిపెట్టి లాగితే తొడిమ దగ్గర చీలిక పడుతుంది. చీనీని కుళ్లబెట్టే పచ్చబూజు, నీలిబూజు గాయం లేని తొక్కలోకి చొరబడలేవు. వాటికి దారి ఇచ్చేది ఆ చీలిక, గోటి గీటు, ముల్లు గాటు. కత్తెరతో తొడిమ నిలిపి కోసిన కాయకే పూత వేయాలి. రాలిన కాయకు, దెబ్బ తగిలిన కాయకు పూత వేస్తే బూజును లోపల పెట్టి మూత వేసినట్లే. అది పక్క కాయలకు కూడా అంటుతుంది.

రెండోది రంగు. మన చీనీ తొక్క వేడి రాత్రుల వలన పక్వానికి వచ్చినా పచ్చగానే ఉంటుంది. ఉత్తరాది ఖరీదుదారు పసుపు అడుగుతాడు. ఇథిలీన్‌తో రంగు మార్చవలసి ఉంటే అది పూతకు ముందే జరగాలి. పూత పడిన తరువాత ఆ వాయువు తొక్కలోకి సరిగా దిగదు.

మూడోది కడగడం, ఆరబెట్టడం. మట్టి, మందుల మరకలు పోవడానికి కాయను క్లోరిన్ నీటిలో కడుగుతారు. అయితే కడిగినప్పుడు, బ్రష్షు తగిలినప్పుడు కాయ సహజ మైనం కొంత పోతుంది. కనుక కడిగి పూత వేయకుండా వదిలేసిన కాయ అసలు కడగని కాయ కంటే తొందరగా ఆరిపోతుంది. కడిగితే పూత తప్పదు, పూత వేయకపోతే కడగరాదు. తడి ఆరకముందే పూత వేస్తే తెల్లటి మరకలు కడతాయి.

నాలుగోది ప్యాకింగు. గడ్డి పరిచి, కుప్పగా పోసి, అడుగు కాయ మీద పై కాయల భారమంతా మోపే లోడుకు పూత వల్ల వచ్చే లాభం స్వల్పం. నలిగిన కాయను ఏ మైనమూ కాపాడదు. పూత అనుకున్నవారు డబ్బా లేదా ప్లాస్టిక్ క్రేటు కూడా అనుకోవాలి.

రూపాయల్లో లెక్క

ఇక అసలు లెక్క. ఉదాహరణకు 10 టన్నుల లోడు తీసుకుందాం. సుమారు 2,000 కిలోమీటర్ల ఢిల్లీ దారిలో బరువు 4 శాతం తగ్గిందనుకుంటే 400 కిలోలు పోయినట్లు. పలుచని మైనపు పూత తేమ నష్టాన్ని మూడో వంతు నుంచి సగం దాకా తగ్గిస్తుందని చెప్పవచ్చు. సగం అనుకుంటే 200 కిలోలు మిగులుతాయి. టన్ను ధర 30,000 రూపాయలున్న రోజున ఇది 6,000 రూపాయలు. అంటే టన్నుకు 600 రూపాయలు. మూడో వంతే అనుకుంటే టన్నుకు సుమారు 400 రూపాయలు.

నారింజ జాతికి వాణిజ్య మైనం టన్నుకు సుమారు లీటరు పడుతుంది. దానికి కడుగు కూలి, కరెంటు, యంత్రం అద్దె, ఆరిన తరువాత ఏరివేత కూలి కలపాలి. ఈ మొత్తం టన్నుకు 400 రూపాయల లోపున తేలితే బరువు మిగులు ఒక్కటే ఖర్చు తీర్చుతుంది. ధరలో వచ్చే తేడా అంతా మిగులు. 600 దాటితే మండీలో అదనపు ధర పలికితేనే గిట్టుబాటు.

అదే టన్ను ధర 10,000కు పడిన రోజున 200 కిలోల విలువ 2,000 మాత్రమే. టన్నుకు 200 రూపాయలు. ఖర్చు మాత్రం తగ్గదు. దీన్నిబట్టి కాలం తేల్చుకోవచ్చు. జనవరి, ఫిబ్రవరి పూత మీద ఆగస్టు నుంచి అక్టోబరు వరకు వచ్చే పంట పెద్దది, ధర మెత్తనిది, గాలిలో తేమ కూడా ఎక్కువ. వేసవిలో దిగే పంట తక్కువ, గిరాకీ గట్టిది, ఎండ వల్ల తరుగు హెచ్చు. తరుగు హెచ్చుగా, ధర హెచ్చుగా ఉన్న వేసవి సరుకుకే పూత ముందుగా గిట్టుతుంది. ప్రయోగం చేయదలచినవారు దానితోనే మొదలు పెట్టడం మేలు.

మరొక హెచ్చరిక. పూత వేసిన సరుకు నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది గదా అని పడిపోతున్న బజారులో పట్టి ఉంచడం తెలివి కాదు. పూత కాయకు ఆయువు ఇస్తుంది గాని ధరకు ఇవ్వదు. లారీ ఆలస్యమయినా, పండుగ సెలవులకు మండీ మూతపడినా నష్టం తగ్గడానికి ఆ నాలుగు రోజులు ఉపయోగం.

చట్టం ఏమంటుంది?

ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2011 నాటి నిబంధనలు తేనెమైనం, కార్నౌబా మైనం, లక్క మైనం ఈ మూడింటినీ పేరుపెట్టి, పళ్లపై మితంగా వాడవచ్చునని చెప్పినాయి. ప్యాకెట్టు మీద ‘మైనం పూసినది’ అని, ఏ మైనమో ఆ పేరుతో సహా ముద్రించాలి. మినరల్ ఆయిలు, రంగులు పూయడం నేరం. కార్బైడ్‌తో మాగబెట్టడం కూడా నిషేధమే. పెట్రోలియం నుంచి వచ్చే కొవ్వొత్తి మైనాన్ని చౌక అని వాడినవారు తనిఖీలో దొరికితే సరుకుతో పాటు పరువు కూడా పోతుంది. ఈ మూడు కాక ఏ కొత్త పూత వచ్చినా, అమ్మేవారి నుంచి అనుమతి కాగితం చూడకుండా డ్రమ్ము దించుకోరాదు.

ఇంకొక సంగతి ఉత్తరాది వ్యాపారులకు బాగా పట్టేది. ఉపవాస దినాలలో పళ్లకు గిరాకీ హెచ్చు. లక్క పురుగు నుంచి వచ్చేది, కైటోసాన్ రొయ్య పెంకు నుంచి వచ్చేది. కొనేవాడు అడిగితే ఏమి పూశామో చెప్పగలగాలి. కార్నౌబా పూర్తిగా చెట్టు సరుకు గనుక ఈ చిక్కు ఉండదు.

సూటు ప్రశ్న

చివరికి మొదటి తగాదా దగ్గరకే రావాలి. చీనీ కొనుగోలులో టన్నుకు క్వింటాలు వరకు ‘సూటు’ పేరిట అదనంగా తీస్తున్నారని రైతులు ఏళ్ల తరబడి ఫిర్యాదు చేస్తున్నారు. దారిలో ఆరేది, కుళ్లేది మేము భరించాలి గదా అన్నది ఖరీదుదారుల సమాధానం. 1966 నాటి మార్కెట్ల చట్టం అనుమతి లేని కోతలను ఒప్పుకోదు. అయినా ఆచారం చట్టం కంటే బలంగా ఉన్నది.

పూత ఈ వాదాన్ని తిరగేస్తుంది. టన్నుకు క్వింటాలు అంటే 10 శాతం. మనం వేసుకున్న లెక్కలో దారి తరుగు 4 శాతం, పూత తరువాత 2 శాతం. అప్పుడు సూటు దేనికన్న ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టమవుతుంది. పూత ఖర్చు రైతు పెట్టి, సూటు కూడా పాతదే తీస్తే ఆ రైతు రెండోసారి పూత మాట ఎత్తడు. ఖర్చు వర్తకుడు పెడితే మిగులు తనదే అంటాడు, అందులో న్యాయం ఉన్నది. కాని కత్తెర కోత, గాయం లేని కాయ, ఎండలో పడవేయని కాయ ఇచ్చేది రైతు. అతడి చెయ్యి లేకుండా పూత నిలవదు. కనుక కత్తెరతో కోసి, ఏరి ఇచ్చిన కాయకు సూటు తగ్గించి, పూత ఖర్చు వర్తకుడు పెట్టుకునే ఒప్పందమే ఇద్దరికీ గిట్టుబాటు. సూటు తగ్గించిన వర్తకుడికి మంచి తోటలు ముందుగా దొరకడం కూడా లాభంలో చేర్చవలసిందే.

ఒక్కసారిగా యంత్రం కొనే పని లేదు. ఒకే తోట, ఒకే రోజు కోత సరుకులో సగం పూతతో, సగం పూత లేకుండా వేరువేరు గుర్తులు వేసి ఒకే లారీలో పంపి చూడవచ్చు. రెండు కాటాల చీటీలూ, రెండు భాగాలకు పలికిన ధరా పక్కపక్కన పెట్టుకోవాలి. దిగిన రోజున కొన్ని కాయలు కోసి వాసన, రుచి చూడమని మండీ ఆసామిని అడగాలి. ఇలా నాలుగు లోడులు పంపితే, పూత తమ సరుకుకు తగినదో కాదో పరాయివారు చెప్పనక్కరలేదు, చీటీలే చెబుతాయి.